పెట్టె లోపలి కట్టెలు

జిగురు పట్టడానికి గంట కావాలి. ఆ గంటలో చేతికి పనేమీ లేదు, సాయన్నకు అదే కష్టంగా ఉంది. వనపర్తిలో పిండిగిర్నిని ఆనుకుని ఉన్న తన వడ్రంగి కొట్టులో, నేల మీద బోర్లా పడుకోబెట్టిన పెట్టె ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. తలుపులూ కిటికీలూ మంచాలూ చేసి చేసి మొద్దుబారిన చేతులు మోకాళ్ల మీద ఊరికే పడి ఉన్నాయి. పెట్టె వెనక చెక్క ఇంకా బిగించలేదు కాబట్టి లోపలంతా కనిపిస్తోంది. నాలుగు గోడలు, ఒక్కో గోడకు నిలువునా జిగురుతో అతికించిన టేకు కట్టె, ఆ కట్టెలను కరిచి పట్టుకున్న ఇనుప క్లాంపులు, అడుగున స్పీకరు కోసం కోసిన గుండ్రటి కంత, ఆ కంతలోంచి కనబడే రంపపు పొట్టు. గోడ గడియారంలో రెండున్నర. నిరోష నాలుగింటికి వాళ్ల నాయనను ఆటోలో తీసుకొస్తానంది. వాళ్ల నాయన అంటే వెంకటన్న. పదమూడేళ్లుగా సాయన్న మాట్లాడని వెంకటన్న.

కరెంటు లేదు. గిర్ని ఆగిపోయి బజారంతా నిమ్మళంగా ఉంది. ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు, దూరంగా హైదరాబాదు బస్సు హారను. జిగురు వాసన కొంచెం పుల్లగా, పాలు విరిగినప్పటి వాసనలా ముక్కుకు తగులుతోంది. బేస్ కొట్టినప్పుడు స్పీకరు ముందుకు ఎంత కొడుతుందో వెనక్కీ అంతే కొడుతుంది, లోపలి గాలి గోడలను తోస్తుంది, గోడ వణికిందంటే బలమంతా ఆ వణుకులోనే పోతుంది, వినేవాడి దాకా రాదు. గోడలకు లోపల కట్టెలు వేస్తే అవి కదలవు, అప్పుడు దెబ్బ సూటిగా గుండెకు తగులుతుంది. సాయన్నకు ఇవన్నీ ఏ పుస్తకమూ చెప్పలేదు. వెంకటన్నే చెప్పాడు, ఇట్లాంటి ఒక మధ్యాహ్నమే, పెద్దమందడిలో సాయన్న వాళ్ల పెరట్లో, అగ్గిపెట్టె ఖాళీ చేసి వేలితో వాయిస్తూ, మళ్లీ అందులో పుల్ల ఒకటి అడ్డం పెట్టి వాయిస్తూ. తేడా దెలుస్తుందా రా అని అడిగాడు. సాయన్న తెల్వదన్నాడు. నిజానికి తెలిసింది. వెంకటన్న తనకన్నా ముందు తెలుసుకోవడం ఆ వయసులో ఎందుకో మింగుడుపడేది కాదు.

అప్పటికి వెంకటన్న బొంబాయి నుంచి వచ్చి ఏడాది అయి ఉంటుంది. వానలు మొహం చాటేసిన ఏడు వాళ్లింట్లో అందరూ కూలికి పోయారు. అక్కడ పగలంతా కాంక్రీటు మోసి, పొద్దుగూకే వేళ ఒక రేడియో మెకానిక్ కొట్టు ముందు కూర్చుని తీగలు అతికించడం నేర్చుకున్నాడు. తిరిగొస్తున్నానని కార్డు రాస్తే సాయన్న గద్వాల స్టేషన్‌కు ఎదురుపోయాడు. రైలు దిగుతుంటే మనిషికన్నా ముందు మూట కనిపించింది. ఎర్ర తువ్వాలలో చుట్టిన పెద్ద గుండ్రటి మూట, దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని వెంకటన్న, వెనక ఎవరో బట్టల సంచి అందిస్తే మెడకు తగిలించుకున్నాడు కాని మూటను మాత్రం కింద పెట్టలేదు. ఏందిరా అది అంటే తువ్వాల కొస ఎత్తి చూపించాడు. పదిహేను అంగుళాల స్పీకరు, నల్లటి కాగితం, నడుమ బుడిపె. బస్సులో వెనక సీటు దొరికింది. ఎగిరెగిరి పడుతూ కృష్ణ వంతెన దాటేటప్పుడు గాలికి తువ్వాల లేచిపోతుంటే ఇద్దరూ చెరో వైపు కొసలు నొక్కి పట్టుకున్నారు. కింద నీళ్లు ఎన్నున్నాయో కూడా ఆనాడు చూడలేదు. నాకు గొంతు దొరికింది సాయిగా, ఇంగ నువ్వు దానికి ఒళ్లు జెయ్యాలె అన్నాడు వెంకటన్న, ఆ మాట అని తనకే సిగ్గేసినట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

మొదటి పెట్టె పాత మామిడి తలుపు విప్పి చేసింది. సరిగా అతకనిచోట్ల మైనం పూశారు. పెరట్లో పెట్టి తొలిసారి మోగించినప్పుడు కోళ్లన్నీ గోడ దూకి పోయాయి, సాయన్న వాళ్లమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చి ఇంట్ల ఎవరు కింద వడ్డరని అడిగింది. ఎన్ని రోజులు నవ్వుకున్నారో ఆ మాటకు. తరవాత ట్రాక్టరు మీదికి ఎక్కే పెట్టెలు, కర్ర స్తంభాలకు కట్టే మైకు గొట్టాలు, చుట్టూ తిరిగే రంగు బల్బులు. రేకు మీద పసుపు రంగుతో వెంకటసాయి సౌండ్స్ అని రాయించారు. అందరూ దేవుని పేరనుకుని బోర్డుకు పసుపూ కుంకుమా పెట్టేవాళ్లు. అది తమ ఇద్దరి పేర్లే అని వాళ్లిద్దరే అనుకుని మురిసేవారు. చర్చి పండుగకైనా, ఊరి జాతరకైనా, పెళ్లికైనా, చావుకైనా చెక్క సాయన్నది, తీగ వెంకటన్నది. పెట్టె వెనక చెక్క బిగించే ముందు వెంకటన్న లోపలికి తల పెట్టి చూసేవాడు, చూసి ఏదో ఒకటి అనేవాడు. ఆ అనడమే సాయన్నకు గిట్టేది కాదు.

బిజినేపల్లి పెళ్లికని చేసిన పెద్ద పెట్టె. పదమూడేళ్ల కింద. దానికి లోపల కట్టెలు వెయ్యమని వెంకటన్న మూడుసార్లు చెప్పాడు. బరువెక్కుతుంది, ట్రాక్టరు ఎక్కించేదెవరని సాయన్న అన్నాడు. నిజం అది కాదు. కట్టెలు కోసి, పట్టించి, ఆరబెట్టి కూర్చోవడానికి ఓపిక లేకపోయింది, పైగా మూడుసార్లు చెప్పించుకున్నాక వేస్తే ఓడిపోయినట్టు ఉంటుందనిపించింది. బరాత్ ఊరేగింపు ఊరి నడుమకు వచ్చేసరికి పెట్టె కుడి గోడ మూల దగ్గర విచ్చుకుంది. ప్రతి దెబ్బకూ బుర్రుమని, పగిలిన డబ్బాలా. ఎగిరే పోరగాళ్లు ఆగిపోయారు, పెళ్లికొడుకు మేనమామ ఏదో ఎకసెక్కం ఆడాడు, ట్రాక్టరు మీద ఉన్న వెంకటన్న పక్కవాడితో, ఈ సాయిగాని చెక్కపని గింతే, లోపల ఖాళీ, మీద పాలిషు అన్నాడు. చేతిలో మైకు ఉన్న సంగతి, అది నడుస్తున్న సంగతి చూసుకోలేదు. ఆ మాట గొట్టాల్లోంచి ఊరంతా వినబడింది. మేడల మీద నిలబడ్డ ఆడవాళ్లు కూడా నవ్వారు. సాయన్న చేతిలోని స్క్రూ డ్రైవరు ట్రాక్టరు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, బస్టాండు దాకా నడిచిపోయాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. పిలిచారేమో, ఆ చప్పుడులో వినబడలేదేమో. ఈ పదమూడేళ్లలో ఈ రెండో సంగతి గురించి ఎన్నిసార్లు ఆలోచించాడో.

ఆ తరవాత వనపర్తిలో ఈ కొట్టు. తలుపులకు నోరుండదు, మంచాలు పాడవు, హాయిగా ఉందని బాలనాగమ్మతో అనేవాడు. భార్య ఒప్పుకునేది కాదు. ఎక్కడైనా డీజే బండి పోతుంటే చేతిలో పని ఆపి చెవి అటు వేస్తావు గదా అనేది. నిజమే. పోయే బండిలో గోడ వణుకుతుందో లేదో వీధి మలుపులోనే చెప్పగలడు. లోపల కట్టె వెయ్యలేదు అనుకునేవాడు, అనుకోగానే ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి మళ్లీ చిత్రిక అందుకునేవాడు.

పోయిన నెలలో ఒకనాడు కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక ఆడపిల్ల గోనెసంచి దించుకుంటూ చిన్నాయనా అని పిలిచింది. పోల్చుకోలేకపోయాడు. రెండు జడలతో స్పీకరు అట్టపెట్టె మీద కూర్చుని చదువుకునే నిరోష, ఇప్పుడు నాగర్‌కర్నూల్లో దవాఖానలో నర్సు అట. సంచిలో ఏముందో విప్పకముందే తెలిసిపోయింది. స్పీకరుకు కాగితం కొత్తది వేయించినట్టున్నారు, అంచుకున్న ఇనుము మాత్రం అదే, గద్వాల రైలు దిగిన ఇనుము. సాయన్న ఆ ఇనుము చుట్టూ వేలు తిప్పి, నాయన బాగున్నడా అని అడిగాడు. చెవులు పోయాయంది ఆమె. ఇరవై ఏళ్లు పెట్టెల నడుమ కూర్చున్న మనిషి, ముందు సన్న చప్పుళ్లు పోయాయి, తరవాత మాటలు, రెండేళ్ల కింద మొత్తమే పోయింది. చెవి మిషను పెడితే కీచుమంటుందని తీసి గూట్లో పెడతాడట. ఇంట్లో ఎవరితోనూ కలవడట.

"మోటరు నడుస్తుంటే దాని మీద చెయ్యి పెట్టి కూసుంటడు చిన్నాయనా. ట్యాంకి నిండి నీళ్లు పోతున్నా బందు పెట్టనియ్యడు," అంది నిరోష. ఈ స్పీకరును ఆయన వారానికోసారి సంచిలోంచి తీసి తుడుస్తుంటే, దీనికి పెట్టె చేయిస్తానని కాగితం మీద రాసి చూపించిందట. చేస్తే సాయిగాడే చెయ్యాలె అన్నాడట.

సాయన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు ప్లైవుడ్ తెచ్చాడు. ఎవరికో చేసే పెట్టె కాదు ఇది, పదమూడేళ్ల మాటకు జవాబు. ఎవరూ చూడని లోపలి వైపు కూడా నునుపు పట్టాడు. కట్టెలకు పాత టేకు వాసం ఒకటి దాచింది ఉంటే కోశాడు. నాలుగు గోడలకూ కట్టె, ఒకటికి రెండుసార్లు జిగురు. లోపల ఖాళీ అనడానికి ఇప్పుడు ఎవరికీ నోరు రాకూడదు.

బాలనాగమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసు పెట్టె పక్కన నేల మీద పెట్టి, లోపలికి వంగి చూసి, ఇన్ని కట్టెలెందుకంది. అదే అసలు పనని చెప్పాడు. అప్పుడే కరెంటు వచ్చింది. పక్కన గిర్ని ఒక్కసారి మూలిగి, పట్టీ అందుకుని, గడగడా తిరగడం మొదలుపెట్టింది. రెండు కొట్లకూ గోడ ఒకటే కాబట్టి గిర్ని నడిచినంతసేపూ ఇక్కడ అన్నీ వణుకుతాయి. గోడకు తగిలించిన ఉలులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి, చాయ్ మీద మీగడ సన్నగా అలలు పోతోంది, పీట కింద నేల అదురుతోంది. సాయన్న పెట్టె గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఏమీ లేదు. రవ్వంత కూడా లేదు. కొట్టంతా వణుకుతుంటే అది మాత్రం బండలా ఉంది. గర్వంగా భార్య వైపు చూశాడు. ఆమె కూడా చెయ్యి పెట్టింది.

"బండనే. ఏనుగెక్కినా ఉలకదు," అని ఖాళీ గ్లాసు కోసం ఆగకుండానే లోపలికి వెళ్లిపోయింది.

చెయ్యి తియ్యలేదు సాయన్న. చాయ్ చల్లారుతోంది. అరచేతి కింద చల్లని నునుపు చెక్క, లోపల ఏముందో ఏం జరుగుతుందో ఏమీ చెప్పని చెక్క. మోటరు మీద చెయ్యి పెట్టి కూసుంటడు చిన్నాయనా. ఆ మాట అప్పుడు జాలిపడి విన్నాడు, మనిషి ఎట్లా అయిపోయాడో అని విన్నాడు, ఎందుకు పెడతాడో వినలేదు. వెంకటన్న వచ్చి ఈ పెట్టె ముందు కూర్చుంటాడు. చెవికి ఏమీ రాదు. చెయ్యి చాపుతాడు, ఇక్కడే, సరిగ్గా ఇక్కడే పెడతాడు. స్పీకరు కాగితం మీద పెట్టలేడు, పెడితే అది కొట్టుకోలేదు. గోడ మీదే పెడతాడు. అప్పుడు వీధి చివరి దాకా వినబడే దెబ్బ అతని అరచేతికి మాత్రం తగలదు. ఇంత ఓపికగా కట్టిన ఈ కట్టెలు ఆ ఒక్క మనిషికి తప్ప అందరికీ పనికొస్తాయి.

గడియారం మూడుంబావు. జిగురు సగం పట్టి ఉంటుంది, ఇంకో పావుగంటయితే ఉలికి కూడా లొంగదు. లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తీసేస్తే? వెంకటన్న లోపలికి తల పెట్టి చూడకుండా ఉండడు. చూస్తే కట్టె లేని గోడ కనబడుతుంది, ఆనాటి గోడే. పదమూడేళ్లయినా వీడు మారలేదు, వీని పని గింతే అనుకుంటాడు. చెవులు వినబడనివాడికి ఎట్లా చెప్పడం, ఇది బద్ధకం కాదు అని. తియ్యకపోతే? మెచ్చుకుంటాడు. నాలుగు కట్టెలూ చూసి, వేలితో కొట్టి, బాగుంది అంటాడు. ఆ ఒక్క మాట కోసమే గదా నెల రోజులుగా నిద్రలో కూడా చెక్క కోసింది. మెచ్చుకుని, చెయ్యి పెట్టి, ఏమీ తెలియక, ఇంటికి పోయి మళ్లీ మోటరు పక్కన కూర్చుంటాడు.

సాయన్న కుడి గోడ క్లాంపులు వదులు చేశాడు. ఉలి అంచు కట్టె కిందికి దూర్చి రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు తడి గుడ్డ చినిగినట్టు చప్పుడై కట్టె చేతికి వచ్చింది. మిగిలిన జిగురు గోకేశాడు. తీశాక ఇక ఆలోచన రాలేదు, పని వచ్చింది. గోడ వణకాలి గాని విచ్చుకోకూడదు, అందుకని ఆ గోడ మూలలన్నిటికీ మళ్లీ జిగురు నింపి మేకులు దగ్గరదగ్గరగా వేశాడు. వేలి కణుపుతో కొట్టి చూశాడు, ఇంకా మందంగానే పలికింది. బయటి వైపు నడుమ చిత్రిక పట్టాడు, కొట్టి చూశాడు, ఇంకో పొర తీశాడు, కొట్టి చూశాడు. డప్పును మంట మీద కాచి కాచి చూసేవాళ్లలా. చివరికి చిన్న దెబ్బకు కూడా గోడంతా పలికింది, అరచేతికి గిలిగింత పెట్టినట్టు. చెయ్యి పడేచోట పేడు గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసి, వెనక చెక్క బిగించి, పెట్టెను లేపి నిలబెట్టేసరికి బయట ఆటో ఆగింది.

వెంకటన్న జుట్టు మొత్తం తెల్లబడింది. మనిషి సన్నబడి చొక్కా వేలాడుతోంది. గడపలో నిలబడి సాయన్నను కాదు, పెట్టెను చూశాడు. నిరోష నమస్తే చిన్నాయనా అంటున్నా ఆగకుండా వచ్చి, పెట్టె ముందు గొంతుక్కూర్చుని, కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని దాని దీపం కంతలో పెట్టి లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒక దిక్కు కట్టె లేదేందిరా," అన్నాడు. వినబడనివాళ్ల గొంతు ఎంత పెద్దగా వస్తుందో అంత పెద్దగా. గిర్ని ముందు పిండి కోసం కూర్చున్న ఆడవాళ్లు ఇటు తిరిగి చూశారు.

సాయన్న వెంకటన్న చెయ్యి పట్టుకున్నాడు, ఎన్నేళ్లయిందో ఆ చెయ్యి పట్టుకుని, తెచ్చి కుడి గోడ మీద పరిచాడు. కంతలోంచి తన చెయ్యి లోపలికి పోనిచ్చి వేలితో ఒకసారి కొట్టాడు. వెంకటన్న కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ కొట్టాడు. ముడి విడిపోయింది. చూపు పెట్టె మీది నుంచి మెల్లగా సాయన్న మొహం మీదికి వచ్చి నిలిచింది. స్పీకరు కోసం చెయ్యి చాపాడు.

తీగలు వెంకటన్నే కలిపాడు. ఆ పని సాయన్న ముట్టుకోలేదు. తల వంచి తీగ కొస మెలితిప్పుతూ, ఎవరితోనో అన్నట్టు, "మైకు బందున్నదనుకున్న రా ఆ దినం," అన్నాడు.

"నువ్వన్నది నిజమే," అన్నాడు సాయన్న. తల వంచుకున్న మనిషికి అది చేరలేదు. నిరోష విని మొహం పక్కకు తిప్పుకుంది. సాయన్న అతని భుజం తట్టి, వెంకటన్న తల ఎత్తాక, పెదవులు నిదానంగా కదుపుతూ అదే మాట మళ్లీ చెప్పాడు.

"ఎరుకే," అన్నాడు వెంకటన్న, నవ్వు ఆపుకుంటూ.

సాయన్న ఫోనులో పెద్దమందడి డప్పులు ఉన్నాయి, పోయిన జాతరలో తను రికార్డు చేసి పెట్టుకున్నవి. నిరోష ఆటోలో తెచ్చిన ఆంప్లిఫయరుకు కలిపి మోగించాడు. కొట్టు పెంకులు అదిరాయి, బాలనాగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెంకటన్న పెట్టె పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కుడి గోడకు రెండు అరచేతులూ ఆనించాడు. కళ్లు మూసుకోలేదు. తెరిచిన వాకిలిలోంచి కనబడే గిర్ని ముందరి ఆడవాళ్లను చూస్తూనే ఉన్నాడు. దరువు మారినచోట తల మారింది, ఆగినచోట ఆగింది. నిరోష అమ్మకు చెప్పాలని ఫోను చేసి, ఈ చప్పుడులో మాట్లాడలేక వీధిలోకి పోయింది. సాయన్న చేతులు కట్టుకుని నిలబడి ఆ రెండు చేతుల వైపే చూస్తున్నాడు.

కాసేపటికి వెంకటన్న తల తిప్పాడు.

"జర తగ్గించు సాయిగా. గిర్నికాడ ఆడోళ్లు ముచ్చట జెప్పుకుంటుండ్రు, ఒకరి చెవుల ఒకరు ఒర్రుకుంటుండ్రు పాపం."

సాయన్న ఆంప్లిఫయరు మీది సౌండు బిరడా కొంచెం తిప్పాడు. వెంకటన్న చేతులు కదపకుండానే, ఇంకా అని గడ్డంతో చూపించాడు. ఇంకొంచెం తిప్పాడు. ఇంకా అన్నాడు. డప్పులు వీధిలోంచి కొట్టులోకి, కొట్టులోంచి పెట్టె దగ్గరికి వచ్చేశాయి, ఇంకా సన్నగిల్లాయి. గిర్ని పట్టీ గరగర మళ్లీ వినబడింది, ఆ గరగర మీద ఆడవాళ్ల మాటలు వినబడ్డాయి, ఎవరి కోడలికో కాన్పు సంగతి. సాయన్న చెవి పెట్టి విన్నాడు. పెట్టెలోంచి తనకు ఇక ఏమీ వినబడటం లేదు.

"ఆఁ, గిప్పుడు మంచిగుంది," అన్నాడు వెంకటన్న, దరువుకు తల ఊపుతూ.